మాట పోయినవారికి సదరం, యూడీఐడీ కార్డు: దరఖాస్తు ఎక్కడ తప్పుతోంది?

పక్షవాతం వచ్చో, గొంతు క్యాన్సర్ ఆపరేషన్ జరిగో మాట పోయినవారు వైకల్య ధ్రువపత్రం కోసం శ్రీకాకుళం దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తున్నారు. నేను చూసినంతలో చాలాసార్లు తప్పు జరిగింది ఆసుపత్రిలో కాదు, దరఖాస్తు నింపినప్పుడే.

మొదటి మెట్టు సులువే. ఆధార్, ఇటీవలి ఫొటో, ఫోన్ తీసుకుని సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాట్ (వైకల్య పరీక్షకు తేదీ) అడగండి. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే యూడీఐడీ (దేశమంతటా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో వాళ్లే దరఖాస్తు పెట్టొచ్చు, దానికి రుసుము లేదు.

అసలు చిక్కు 'వైకల్యం రకం' అనే గడి దగ్గర. మన దగ్గర మూగ, చెవుడు అని కలిపే అనేస్తాం. ఫారం నింపేవారు కూడా ఆ అలవాటుతోనే వినికిడి లోపం అని పెట్టేస్తారు. ఆసుపత్రిలో దానికి తగ్గట్టు చెవి పరీక్షే చేస్తారు. చెవులు బాగానే ఉంటాయి కాబట్టి వైకల్యం లేదని రాసేస్తారు. నరసన్నపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు ఇదే జరిగింది. స్వరపేటిక తీసేశారు, మెడకున్న రంధ్రం మీద పల్చటి గుడ్డ కట్టుకున్నాడు, గుడ్డ లోంచి ఊపిరి వినబడుతోంది. చేతిలో మాత్రం వినికిడి మామూలే అన్న కాగితం. "ఇనబడతాది బాబూ, మాటే నేదు" అని ఆయన భార్య కనబడ్డవాళ్లందరికీ చెబుతోంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. వాటిలో వినికిడి వేరు, 'మాట, భాష వైకల్యం' వేరు. స్వరపేటిక తీసేయడం, మెదడు దెబ్బతిని మాట పోవడం ఈ రెండో దాని కిందకే వస్తాయని చట్టంలోనే ఉంది. కాబట్టి రశీదు చేతికి రాగానే రకం ఏం పడిందో చదివించుకోండి. తప్పుంటే అక్కడే దిద్దించండి.

పరీక్ష రోజున ఓపీ చీటీ ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు. ఆపరేషన్ అయినవారు డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, పక్షవాతం వచ్చినవారు స్కానింగు రిపోర్టులు పాతవైనా సరే తీసుకెళ్లండి. ఇది శాశ్వత లోపమా, కోలుకునేదా అన్నది వాటిని బట్టే తేలుతుంది. డాక్టరు మాట్లాడమన్నప్పుడు ఇంట్లోవాళ్లు అందుకుని జవాబు చెప్పకండి. ఆ తడబాటే డాక్టరు వినాలి.

ఫోన్ నంబరు విషయంలో ఇంకా జాగ్రత్త. మధ్యవర్తి తన నంబరు ఇస్తే ఓటీపీ, స్లాట్ మెసేజి అన్నీ అతనికే పోతాయి, కార్డు కోసం అతని చుట్టూ తిరగాలి. ఆసుపత్రి నుంచి ఫోనొస్తే దరఖాస్తుదారు మాట్లాడలేరు కదా, అందుకని ఒకే ఇంట్లో ఉండే, మాట్లాడగలిగే మనిషి నంబరు ఇవ్వండి. "40 శాతం వైకల్యం వేయిస్తాం" అని డబ్బులడిగేవారిని దగ్గరకు రానివ్వకండి. శాతం డాక్టర్లు వేస్తారు. రశీదులో ఉన్న రుసుము తప్ప ఇంకెవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు.

కార్డు వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషికి ఆపదలో ఫోన్ ఎలా వాడాలో ఇప్పుడే నేర్పండి. స్మార్ట్ ఫోన్‌లో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే, బటన్ల ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే 112కు కాల్ వెళ్లే ఏర్పాటు ఉంది. మీ ఫోన్‌లో అది ఆన్ చేసి ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూడండి. 112 ఇండియా యాప్ కూడా వేసి పెట్టండి.

దరఖాస్తు తిరస్కరిస్తే నోటిమాటతో వెనక్కి రాకండి. కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని నిబంధన ఉంది, ఆ కాగితం అడిగి తీసుకోండి. నిర్ణయం వచ్చిన 90 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. మనిషి తానే అప్పీలు చేసుకోలేని స్థితిలో ఉంటే సంరక్షకులే వేయొచ్చు, మీ వాదన వినకుండా ఆ అప్పీలును కొట్టేయడానికి వీల్లేదు.