వానాకాలం ఫైరింగ్: .22 రైఫిల్‌లో తూటా పేలకపోతే

వానలు మొదలయ్యాక రేంజిలో మిస్‌ఫైర్లు పెరుగుతాయి. తేమ ఒక కారణమైతే, తుప్పు పడుతుందని భయపడి మనం ధారాళంగా పూసే నూనె ఇంకో కారణం. ఎన్‌సీసీ క్యాంపుల్లో 25 మీటర్ల ఫైరింగ్‌కి వచ్చే క్యాడెట్లయినా, 50 మీటర్ల పోటీలకు సాధన చేసే షూటర్లయినా వాడేది .22 తూటానే. చిన్నదే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దాని బుల్లెట్ కిలోమీటరున్నర దూరం దాకా వెళ్లగలదు.

ఈ తూటాలో ప్రైమర్ (దెబ్బ తగలగానే మొదట రగిలే భాగం) విడిగా ఉండదు. ఇత్తడి కేసు అడుగున చుట్టూ ఉండే అంచు మడతలోనే రగిలే మందు ఉంటుంది. తయారీలో తడి మందు వేసి, కేసును గిర్రున తిప్పి ఆ మడతలోకి పంపిస్తారు. ఎక్కడైనా మందు అందని జాగా మిగిలి, ఫైరింగ్ పిన్ (ట్రిగ్గర్ నొక్కితే తూటాను కొట్టే ములుకు) సరిగ్గా అక్కడే కొడితే తూటా పేలదు. బుల్లెట్‌కీ కేసు మూతికీ మధ్య పట్టు కూడా అంత బిగుతుగా ఉండదు. చాంబర్‌లో, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే చోట, నూనె మిగిలితే ఆ సందులోంచి మెల్లగా లోపలికి దిగి మందును పాడు చేస్తుంది.

అందుకే రేంజిలో మొదటి తూటా పెట్టే ముందు చాంబర్‌నీ బ్యారెల్‌నీ పొడి ప్యాచ్‌తో (గుడ్డ ముక్కతో) తుడవాలి. ప్యాచ్ మీద నూనె మరక కనిపించకుండా పోయేదాకా మార్చి మార్చి తుడవండి. బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే కదిలే భాగం) లోపల గ్రీజు పట్టిస్తే అది చిక్కబడి ఫైరింగ్ పిన్ దెబ్బను మెత్తబరుస్తుంది. అక్కడ పల్చటి నూనె ఒక చుక్క చాలు. తూటాలను ఏసీ గదిలోంచి తేగానే పెట్టె విప్పకండి. బయటి తేమ గాలి తగిలి చల్లటి ఇత్తడికి చెమ్మ పడుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఇది మరీ ఎక్కువ. పెట్టె బయటి వేడికి వచ్చాకే తెరవాలి.

ఇక ట్రిగ్గర్ నొక్కాక ‘టక్’ మని మాత్రమే వినిపించిందనుకోండి. ముందు చేయాల్సిన పని ఏమీ చేయకపోవడమే. బోల్ట్ ముట్టుకోవద్దు. బ్యారెల్ మూతి టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసేయాలి. ఎడమ చేత్తో రైఫిల్‌ను అలాగే పట్టుకుని, కుడి చెయ్యి పైకెత్తి ‘మిస్‌ఫైర్’ అని గట్టిగా చెప్పాలి. కొత్త క్యాడెట్లు సార్‌ని అడగడానికి ఒళ్లంతా పక్కకు తిప్పుతారు, వాళ్లతోపాటు బ్యారెల్ కూడా పక్క లేన్ మీదికి తిరుగుతుంది. అసలు ప్రమాదం అక్కడే. తల కూడా తిప్పక్కర్లేదు, మాట చాలు.

కనీసం 30 సెకన్లు ఆగాలి. మా సలహా అయితే పూర్తి నిమిషం. మందు నెమ్మదిగా రాజుకుని తూటా ఆలస్యంగా పేలే అవకాశం ఉంది, దీన్నే హ్యాంగ్‌ఫైర్ అంటారు. .22లో ఇది అరుదే. కానీ ఆ క్షణంలో బోల్ట్ తెరిచి ఉంటే కేసుకు చాంబర్ గోడల ఆసరా ఉండదు. ఇత్తడి చీలి ముక్కలు, వేడి గ్యాసు ముఖానికే వస్తాయి. కళ్లద్దాలు తప్పనిసరి అనేది ఇందుకే. 60 షాట్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) పోటీకి ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 50 నిమిషాలుంటాయి, అందులో ఒక్క నిమిషం పోతే మునిగిపోయేది లేదు.

గడువు అయ్యాక రేంజ్ ఆఫీసర్ సరేనంటే మ్యాగజైన్ తీసి, ముఖం పక్కకు జరిపి, బోల్ట్ నిదానంగా తెరవాలి. బయటికొచ్చిన తూటా అంచును చూడండి. పిన్ గుర్తు లోతుగా ఉంటే తప్పు తూటాది. గుర్తు పైపైన ఉంటే తప్పు రైఫిల్‌ది: స్ప్రింగ్ నీరసించి ఉండొచ్చు, బోల్ట్ పిడి పూర్తిగా దిగకపోయి ఉండొచ్చు, చాంబర్‌లో మైనం, మసి పేరుకుని తూటా చివరిదాకా కూర్చోకపోయి ఉండొచ్చు. అసలు గుర్తే లేకపోతే పిన్ విరిగిందేమో చూడాలి. పైపై గుర్తులు వరుసగా వస్తుంటే ఆ రైఫిల్‌తో ఫైరింగ్ ఆపి ఆర్మరర్‌కి (ఆయుధాలు బాగుచేసే వ్యక్తికి) ఇవ్వండి. తూటా లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కే అలవాటు ఉన్నచోట పిన్ వెళ్లి చాంబర్ అంచును కొట్టి నొక్కు పెడుతుంది. తర్వాత తూటాలు ఇరుక్కోవడానికి అదీ ఒక కారణం. డ్రై ప్రాక్టీసుకి స్నాప్ క్యాప్ (పిన్ దెబ్బను కాచుకునే డమ్మీ తూటా) వాడండి.

పేలని తూటాను తిప్పి పెట్టి మళ్లీ కొట్టి చూడటం చాలామందికి అలవాటు. క్లబ్బులోనూ క్యాంపులోనూ అది వద్దు. జేబులో వేసుకోవద్దు, చెత్తబుట్టలో పడేయొద్దు. మిస్‌ఫైర్ల కోసం పెట్టిన డబ్బాలో వేసి, రిజిస్టర్‌లో లెక్క రాయించాలి. నీళ్లలోనో నూనెలోనో నానబెడితే చచ్చిపోతుందని నమ్మకండి.

బోల్ట్ తెరిచినా తూటా బయటికి రాకపోతే చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో గెలకొద్దు, రగిలే మందు ఉన్నది ఆ అంచులోనే. మూతి వైపు నుంచి రాడ్ పెట్టి పొడవడం ఇంకా ప్రమాదం. అది ఆర్మరర్ పని.

అన్నిటికన్నా మోసకారి ‘తుస్సు’. ట్రిగ్గర్ నొక్కితే పేలుడు బదులు నీరసమైన చప్పుడు వస్తుంది, భుజానికి ఊపు తెలియదు. మందు పూర్తిగా కాలక బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోయి ఉంటుంది. దాని వెనక ఇంకో తూటా పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలవచ్చు కూడా. చెవులకు మఫ్‌లు ఉండి, పక్క లేన్లు మోగుతుంటే ఈ తేడా వినపడకపోవచ్చు. కాబట్టి స్క్రీన్ మీద షాట్ పడకపోతే టార్గెట్ మొరాయించిందని అనుకుని ఇంకోటి లోడ్ చేయకండి. ఆ నిమిషం ఆగి, తూటా గానీ ఖాళీ కేసు గానీ తీసేసి, బోల్ట్ పూర్తిగా బయటికి లాగి, చాంబర్ వైపు నుంచి టార్గెట్ దిక్కుగా బ్యారెల్‌లోకి చూడాలి. వెలుతురు గుండ్రంగా కనిపించాలి. అనుమానంగా ఉంటే చాంబర్ ఖాళీ అని ఆఫీసర్ చూశాక, క్లీనింగ్ రాడ్ వెనక నుంచి పంపి మూతి దగ్గర బయటికి వచ్చిందో లేదో చూడాలి. మూతిలోంచి కన్ను పెట్టి చూడటం ఎప్పుడూ వద్దు.

ఇరుక్కుందని తేలితే ఇంకో తూటాతో దాన్ని నెట్టాలని చూడకండి. బోల్ట్ తెరిచి, సేఫ్టీ ఫ్లాగ్ (చాంబర్‌లో తూటా లేదని చూపే గుర్తు) పెట్టి, ‘బ్యారెల్‌లో బుల్లెట్ ఉంది’ అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి రైఫిల్‌కి కట్టి, ఆర్మరర్ చేతికే ఇవ్వాలి. ర్యాకులో పెట్టి వెళ్తే తర్వాతి బ్యాచ్‌లో ఎవరో తెలియక లోడ్ చేస్తారు.