అమ్మ కోసం ఆసియా రుచుల విందు: నాలుగు స్పూన్ల సోయా సాస్‌తో పది మందికి

అమ్మ అరవయ్యో పుట్టినరోజు మధ్యాహ్నం మేం పది మందిమి. అమ్మకి బీపీ ఉంది. చైనీస్ వంటలంటే చాలా ఇష్టం, కానీ బయట తిన్నప్పుడల్లా "నాకొద్దులే, మీరు తినండి" అంటుంది. ఆ మాట ఆ రోజు తన నోట రాకూడదని నా పట్టుదల. అందుకే ఇవి అనుకున్నాను: వియత్నాం పద్ధతి రైస్ పేపర్ (బియ్యప్పిండితో చేసిన పల్చని రేకు) రోల్స్, అల్లంతో ఆవిరి మీద ఉడికించిన చేప, టోఫు (సోయా పనీర్) వేసిన కూరగాయల వేపుడు, అన్నం.

ముందు ఉప్పు సంగతి తేల్చుకోండి. ఒక టేబుల్ స్పూన్ మామూలు సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకి రోజంతా కలిపి 2,000 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అందుకని ముందురోజే నాలుగు టేబుల్ స్పూన్ల సోయా సాస్ ఒక గిన్నెలో కొలిచి పెట్టాను. మొత్తం వంటకి అంతే. వేరే ఉప్పు వేయలేదు. సోయా సాస్ నుంచి తలా దాదాపు 360 మిల్లీగ్రాముల సోడియమే. తగ్గిన ఉప్పు లోటుని నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, మిరియాలు బాగానే పూడుస్తాయి. నిమ్మరసం మాత్రం దించాకే పిండాలి.

పిలిచేముందే ఎవరికైనా పల్లీలు, నువ్వులు, సోయా పడవేమో అడగండి.

ముందురోజు రాత్రి పల్లీల సాస్ చేసుకోవచ్చు. పొట్టు తీసిన వేయించిన పల్లీలు ఒక కప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక పచ్చిమిర్చి, అర స్పూన్ చక్కెర, మన గిన్నెలోంచి ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్ వేసి, గోరువెచ్చని నీళ్లతో జారుగా రుబ్బుకోవాలి. తినేముందు రెండు నిమ్మకాయలు పిండుకుంటే చాలు. కూరగాయలు కూడా రాత్రే తరిగి పెట్టుకున్నాను.

రోల్స్‌కి ఇరవై రైస్ పేపర్లు తీసుకున్నాను. చాలామంది వీటిని మెత్తబడేదాకా నీళ్లలో ఉంచేస్తారు, చుట్టేటప్పుడు చిరిగిపోతాయి. మామూలు నీళ్లలో నాలుగైదు సెకన్లు తడిపి, ఇంకా కాస్త బిరుసుగా ఉండగానే పలక మీద పరచండి. లోపల పెట్టేవి సర్దేలోపు అదే మెత్తబడుతుంది. లెట్యూస్, క్యారెట్, కీరా, పుదీనా, కొత్తిమీర, ఉడికించి చల్లార్చిన సన్న రైస్ నూడుల్స్ కొద్దికొద్దిగా పెట్టి, పక్కలు మడిచి బిగుతుగా చుట్టాలి. ఒకదానికొకటి తగలకుండా పేర్చి తడిగుడ్డ కప్పండి. తగిలితే అతుక్కుంటాయి.

చేపకి ముళ్లు లేని ముక్కలే మేలు, పిల్లలు కూడా టెన్షన్ లేకుండా తింటారు. అంగుళం మందం ముక్కకి బాగా మరుగుతున్న నీళ్ల ఆవిరి మీద పది నిమిషాలు పడుతుంది. ఫోర్క్‌తో తాకితే పొరలుగా విడిపోవాలి. పళ్లెంలో ఊరిన నీళ్లు పారబోయండి, నీచు వాసన అందులోనే ఉంటుంది. పైన సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు పరిచి, రెండు స్పూన్ల నూనె బాగా కాచి వాటి మీద పోయాలి. చుయ్‌మంటుంది, ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. చివర్లో ఒకటిన్నర స్పూన్ సోయా సాస్‌ని అంతే వేడినీళ్లతో కలిపి చుట్టూ పోయండి.

వేపుడు అందరూ కూర్చున్నాకే మొదలుపెట్టాను. టోఫుని అరగంట బరువు కింద పెట్టి నీరు పోయాక ముక్కలు కోసి, కార్న్‌ఫ్లోర్ అద్ది, కొంచెం నూనెలో ఎర్రగా కాల్చి పక్కన ఉంచుకోండి. కూరగాయలకి తడి ఉండకూడదు. బాణలి పొగలు వచ్చేంత వేడెక్కాక క్యారెట్, బీన్స్ ముందు, రెండు నిమిషాలకి క్యాప్సికం, ఆఖర్న క్యాబేజీ. పది మందికి కావలసినదంతా ఒకేసారి వేస్తే మంట చాలక నీరూరి ఉడికిపోతాయి. నేను మూడు వాయిలు చేశాను. మిగిలిన ఒకటిన్నర స్పూన్ సోయా సాస్ వాయికి అర స్పూన్ చొప్పున వేసి, దించాక టోఫు, కొద్దిగా నువ్వుల నూనె కలిపాను.

అమ్మ మూడో రోల్ తనే అందుకుని, చేప పళ్లెంలో మిగిలిన రసం అన్నంలో కలుపుకుంది.

అన్నం మిగిలితే రాత్రిదాకా బయట ఉంచకండి, పాడవుతుంది. వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. రోల్స్ మాత్రం ఆ రోజే తినేయాలి, ఫ్రిజ్‌లో బిరుసెక్కిపోతాయి.