కారుకు కొత్త ఎగ్జాస్ట్ హెడర్లు ఇంట్లోనే బిగించడం ఎలా?

ఇంజిన్ సిలిండర్ల నుంచి పొగను బయటికి తెచ్చే భాగమే మానిఫోల్డ్; దాని బదులు ఒక్కో సిలిండర్‌కు ఒక్కో పైపుతో వేసేది హెడర్. కొత్త హెడర్ బిగించడంలో పెద్ద విద్యేమీ లేదు. పాత మానిఫోల్డ్‌ను దాన్ని పట్టి ఉంచే స్టడ్లు (ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్‌లో నాటిన మరల కడ్డీలు) విరగకుండా ఊడదీయడంలోనే ఉంది పనంతా. జనం మాత్రం ఏ పైపు కొనాలి, శబ్దం ఎలా వస్తుంది అని వారాల తరబడి ఆలోచించి, ఈ ఒక్క చోట ఓపిక పట్టలేక సిలిండర్ హెడ్ పాడుచేసుకుంటారు.

కొనేముందు

మీ ఇంజిన్ కోడ్‌కు, స్టీరింగ్ ఉన్న వైపుకు సరిపోయేదే తీసుకోండి. ఎడమ స్టీరింగ్ కారుకు చేసిన హెడర్ కుడి స్టీరింగ్ కారులో స్టీరింగ్ షాఫ్ట్‌కు అడ్డం పడొచ్చు. చాలా కొత్త కార్లలో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మానిఫోల్డ్‌తో కలిసే ఉంటుంది. కన్వర్టర్ లేని హెడర్ వేస్తే పొగ పరీక్షలో పోతుంది, చాలా దేశాల్లో అలాంటి కారు రోడ్డెక్కడమే చట్టవిరుద్ధం. కొన్ని ఇంజిన్లలో మానిఫోల్డ్‌ను హెడ్‌లోనే కలిపి పోత పోస్తారు. వాటికి హెడర్ ఊసే ఎత్తొద్దు.

కావలసినవి: జాకీ, జాక్ స్టాండ్లు, ఆరు పలకల సాకెట్లు, ఎక్స్‌టెన్షన్లు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది), ఆక్సిజన్ సెన్సర్ సాకెట్ (ఎక్కువ కార్లకు 22 మి.మీ.), పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పులోకి ఇంకే పల్చటి నూనె), కొత్త గాస్కెట్ (అతుకు నుంచి పొగ కారకుండా మధ్యలో వేసే పలక), కొత్త స్టడ్లు, నట్లు. పన్నెండు పలకల సాకెట్ దగ్గరికి రానివ్వకండి, నట్ మూలలు అరిగిపోతాయి.

విప్పడం

ముందురోజు రాత్రే ప్రతి నట్‌కూ పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టండి, పొద్దున మరోసారి కొట్టండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, కారును స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీనే నమ్ముకుని కారు కిందకి దూరొద్దు. హీట్ షీల్డ్, సెన్సర్, కింది పైపు విప్పండి. సెన్సర్ వైరు మీద బరువు పడనివ్వకండి.

ఇక స్టడ్లు. వేడికి మానిఫోల్డ్ పొడవునా సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ఆ లాగుడంతా చివరి స్టడ్ల మీదే పడుతుంది కాబట్టి విరిగేవి ఎక్కువగా అవే. నట్‌ను నేరుగా విప్పకండి. ముందు వెంట్రుకవాసి బిగించండి, తర్వాత పావు తిప్పు విప్పండి, మళ్ళీ కాస్త బిగించండి, ఆయిల్ కొట్టండి. కీచుమన్నా ఫరవాలేదు, తుప్పు వదులుతోందన్నమాట. చప్పుడు లేకుండా, రబ్బరు తిప్పినట్టు మెత్తగా తిరుగుతోందా? అది నట్ వదలడం కాదు, స్టడ్ మెలిపడడం. వెంటనే ఆపేయండి. ఎయిర్ ఇంపాక్ట్ గన్‌తో ఇదంతా క్షణంలో అవుతుందనేవాళ్లు ఉంటారు. గన్‌తో మెలి చేతికి తెలియదు, అందుకే ఈ పనికి దాన్ని వాడకూడదు.

ఆగిపోయిన నట్‌ను టార్చ్‌తో వేడి చేయొచ్చు. ముందు ఆయిల్ తుడిచేయండి, అది అంటుకుంటుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెట్టనే వద్దు, విషవాయువు పుడుతుంది. ఇంధన పైపులు, ప్లాస్టిక్ భాగాలు దూరంగా జరపండి. నట్‌కే వేడి తగలాలి, హెడ్‌కు కాదు. అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, రంగు మారకుండానే 660 డిగ్రీల లోపే కరిగిపోతుంది. నట్‌తోపాటు స్టడ్ కూడా ఊడొస్తే మంచిదే, ఎలాగూ కొత్తది వేస్తారు.

స్టడ్ విరిగితే, ముక్క బయటికి కనిపిస్తోంటే దాని మీద కొత్త నట్ వెల్డ్ చేయించి, చల్లారాక మెల్లగా తిప్పండి. వెల్డింగ్ వేడికే సగం తుప్పు వదులుతుంది. ముక్క హెడ్ అంచుకు సమంగా విరిగిందా, సరిగ్గా నడిమధ్యన పంచ్ కొట్టి, ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్‌తో తొలవండి. చాలాసార్లు ఆ బిట్టే ముక్కను పట్టుకుని బయటికి తెస్తుంది. విరిగిన ముక్కను పట్టి లాగే సన్నటి ఎక్స్‌ట్రాక్టర్‌ను బలంగా తిప్పొద్దు. అది గట్టి ఉక్కు, లోపల విరిగితే మామూలు డ్రిల్ దాన్ని కోయలేదు. చేయి తిరగనివాళ్లు ఇక్కడికి వచ్చాక మెషీన్ షాపుకు పంపడమే మేలు.

బిగించడం

హెడ్ ముఖం మీద పాత గాస్కెట్‌ను ప్లాస్టిక్ గీకుడుతో తీయండి, గ్రైండర్ చక్రం వద్దు. స్టడ్ రంధ్రాల మరలను థ్రెడ్ చేజర్‌తో (మరలను కోయకుండా శుభ్రం చేసే పనిముట్టు) శుభ్రం చేయండి. కొత్త మరలు కోసే ట్యాప్ వాడితే మరలే అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో ఈ రంధ్రాలు నీళ్ల జాకెట్‌లోకి (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం తిరిగే దారి) తెరుచుకుంటాయి. అలాంటి చోట ముందే కూలెంట్ దించాలి, స్టడ్‌కు థ్రెడ్ సీలెంట్ పూయాలి. హెడర్ ఫ్లాంజ్ (హెడ్‌కు ఆనే చదునైన పట్టీ) మీద స్టీల్ స్కేల్ ఆనించి, వంకర ఉందేమో చూడండి. వంకరగా ఉంటే వెనక్కి పంపండి, సిలికోన్ పూసి కప్పిపుచ్చకండి. ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేసేది ఆ సిలికోనే.

బహుళ పొరల ఉక్కు గాస్కెట్ వేయడం మేలు. అన్ని నట్లూ చేత్తోనే పెట్టి, కింది పైపు కూడా కలిసిందని చూసుకున్నాకే స్పానర్ పట్టండి. ముందు ఒక చివర బిగించేస్తే రెండో చివర రంధ్రాలు కలవవు. నడుమ నుంచి బయటి వైపుగా, మూడు విడతలుగా బిగించండి. అల్యూమినియం హెడ్‌లో ఎం8 నట్‌కు సాధారణంగా 20–25 న్యూటన్ మీటర్లు, మీ ఇంజిన్ మాన్యువల్ అంకె వేరైతే దాన్నే పాటించండి. సెన్సర్ మరలకే యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) పూయండి, మొనకు అంటనివ్వకండి.

స్టీరింగ్ షాఫ్ట్, బ్రేక్ పైపు, స్టార్టర్ వైరు, ప్లగ్ వైర్లకు కనీసం 25 మి.మీ. ఖాళీ ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ కదులుతుందని మరచిపోవద్దు. హెడర్‌కు వేడి ఆపే గుడ్డ పట్టీ చుట్టడం అనవసరం. మామూలు ఉక్కు పైపైతే చెమ్మ పట్టి తొందరగా తుప్పు తింటుంది.

స్టార్ట్ చేసేది ఆరుబయటే. పైపుల మీది నూనె కాలి పది, పదిహేను నిమిషాలు పొగ వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మని, వేడెక్కాక ఆగే చప్పుడంటే గాస్కెట్ దగ్గర లీకే. సెన్సర్‌కు ముందు లీకైతే బయటి గాలి లోపలికి దూరి, పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడిందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తుంది. చల్లారిన ఇంజిన్‌కు, సైలెన్సర్ మూతి నుంచి బ్లోయర్ గాలి పట్టించి, అతుకుల మీద సబ్బునీళ్లు చల్లితే లీకు చోటు బుడగలతో బయటపడుతుంది.

మొదటి ప్రయాణం అయి ఇంజిన్ పూర్తిగా చల్లారాక నట్లన్నీ అదే టార్క్‌కు మరోసారి చూడండి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి.