తాడు ఎంత లాగినా స్ప్రేయర్ స్టార్ట్ కావట్లేదా?

నెలల తరబడి మూలన పడున్న పెట్రోల్ స్ప్రేయర్‌ని తీసి, భుజం పీకేదాకా తాడు లాగినా ఉలకట్లేదంటే ముందు పెట్రోల్‌నే అనుమానించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది, పైగా పాత పెట్రోల్ కార్బొరేటర్‌లో (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) జిగురు కడుతుంది. పాతదంతా ఒంపేసి కొత్తది పోయండి. టూ స్ట్రోక్ (పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి వాడే ఇంజన్) అయితే ఆయిల్ మాన్యువల్‌లో చెప్పినంతే కలపాలి, 25:1 అంటే లీటరుకు 40 మి.లీ. మంచిదే కదా అని ఇంకాస్త పోస్తే స్పార్క్ ప్లగ్ (పెట్రోల్‌ను అంటించే నిప్పురవ్వ ఇచ్చేది) మసి పడుతుంది.

తర్వాత, చోక్ (స్టార్టింగ్‌కి గాలి తగ్గించే మీట) వేసి తాడు నాలుగైదుసార్లు లాగి, ప్లగ్ విప్పి చూడండి, సగం కథ అదే చెప్పేస్తుంది. తడిగా ఉండి పెట్రోల్ వాసన గుప్పుమంటే ఇంజన్‌లోకి పెట్రోల్ ఎక్కువెళ్లినట్టు: స్విచ్ ఆపి, చోక్ తీసేసి, ప్లగ్ లేకుండానే తాడు కొన్నిసార్లు లాగి, ప్లగ్ తుడిచి ఆరబెట్టి బిగించండి. పొడిగా ఉంటే పెట్రోల్ అందట్లేదు, ట్యాంకులోని చిన్న ఫిల్టర్, పగిలిన పైపు, ప్రైమర్ బల్బ్ (నొక్కితే పెట్రోల్ ఎక్కించే మెత్తటి బుడగ) చూడాలి.

స్పార్క్ చూసేటప్పుడు మాత్రం ఒలికిన పెట్రోల్ శుభ్రంగా తుడిచాకే, స్విచ్ ఆన్‌లో పెట్టి, క్యాప్ తగిలించిన ప్లగ్‌ను ఇంజన్ లోహానికి ఆనించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా నీడలో తాడు లాగండి. నీలంగా మెరిస్తే సరే. లేకపోతే కొత్త ప్లగ్ వేయండి. అప్పటికీ రాకపోతే స్టాప్ స్విచ్ వైరు గానీ, స్పార్క్ పుట్టించే కాయిల్ గానీ పోయి ఉండొచ్చు, ఇక మెకానిక్ పని.

ఎయిర్ ఫిల్టర్ కడగడం ఎవరికీ గుర్తుండదు, అదీ చూడండి.