లాయర్ నుంచి ఎంపీ అయిన నాయకుడి అసలు స్టాండ్ ఏంటో రికార్డుల్లో చూస్కోవడం ఎలా

వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడూ ఇదే గొడవ. "అప్పుడు కోర్టులో అలా వాదించాడు, ఇప్పుడు పార్లమెంట్‌లో ఇలా మాట్లాడుతున్నాడు, రెండు నాల్కలు" అని ఒకరంటారు, ముప్పై సెకన్ల వీడియో ముక్క పెట్టి మా అన్న సింహం అని ఇంకొకరంటారు. లాయర్లుగా ఉండి ఎంపీలైన వాళ్ళ దగ్గర ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్ళ నోట్లోంచి వచ్చే మాట ఒకోసారి క్లయింట్‌ది, ఒకోసారి పార్టీది, ఒకోసారి మాత్రమే సొంతం. ఈ మూడూ విడదీయడం వస్తే మనిషి ఏంటో మనకే తెలిసిపోతుంది, ఎవరో చెప్పక్కర్లేదు. ఇద్దరి రికార్డులు పెట్టుకుని చెప్తాను, ఒకరు డీఎంకే రాజ్యసభ ఎంపీ పి. విల్సన్, ఇంకొకరు మన హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ. వాళ్ళ రాజకీయం మీకు నచ్చాలనేం లేదు, ఇద్దరికీ రికార్డు గట్టిగా ఉంది, అందుకే తీసుకున్నా.

ముందు ఒక కాగితం మీద తేదీలు వేస్కోండి. ఏ ఏడాది ఏ పదవిలో ఉన్నాడు, ఆ పదవిలో ఎవరి తరఫున మాట్లాడాలి, ఈ రెండూ చాలు. విల్సన్ మద్రాస్ హైకోర్టు సీనియర్ అడ్వకేట్, తమిళనాడు ప్రభుత్వానికి అడిషనల్ అడ్వకేట్ జనరల్‌గా చేశారు, 2012 నుంచి 2014 దాకా కేంద్రానికి అడిషనల్ సొలిసిటర్ జనరల్ (రెండూ ప్రభుత్వం తరఫున కోర్టులో వాదించే పదవులే), 2019 జూలైలో డీఎంకే రాజ్యసభకి పంపింది, 2025లో మళ్ళీ పంపింది. ఇది రాసుకున్నాక 2013లో ఆయన కేంద్రం తరఫున వాదించిన కేసు ఏదైనా ఎవరన్నా తెచ్చి చూపిస్తే మీరు కంగారుపడరు, అది ఆయన ఉద్యోగం. ఒవైసీ దారి వేరు. లండన్‌లో లింకన్స్ ఇన్‌లో బారిస్టర్ చదివారు గానీ కోర్టు ప్రాక్టీస్ మీద పైకి వచ్చిన మనిషి కాదు, 1994, 1999లో చార్మినార్ ఎమ్మెల్యే, 2004 నుంచి వరసగా ఐదుసార్లు హైదరాబాద్ ఎంపీ. కాబట్టి ఈయన దగ్గర క్లయింట్ల కేసులు వెతకడం టైం వేస్ట్, నేరుగా సభ రికార్డుకే వెళ్ళిపోవచ్చు. ఆస్తులు, ఆదాయం, పెండింగ్ కేసులు కావాలంటే నామినేషన్‌తో పాటు ఇచ్చిన అఫిడవిట్ ఎలక్షన్ కమిషన్ సైట్‌లోనే ఉంటుంది.

ఇప్పుడు కోర్టు సంగతి. ఎంపీగా ఉంటూ ప్రాక్టీస్ చేయొచ్చా అని చాలామంది అడుగుతారు, చేయొచ్చు, 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే అడ్డేం లేదని చెప్పింది. అందుకే ఒకే మనిషి పొద్దున కోర్టులో, మధ్యాహ్నం సభలో కనిపిస్తాడు. ఇక్కడ చూడాల్సింది పిటిషనర్ ఎవరన్నది. జడ్జిమెంట్ మొదటి పేజీలోనే పిటిషనర్ పేరు, లాయర్ పేరు ఉంటాయి. 2018 ఆగస్టు 7న కరుణానిధి గారు పోయారు, అంత్యక్రియలకి చెన్నై మెరీనా బీచ్‌లో చోటు ఇవ్వలేమని అప్పటి ప్రభుత్వం అంది, ఆ రాత్రికి రాత్రే కేసు వేస్తే మర్నాడు పొద్దున హైకోర్టు ఒప్పుకుంది, డీఎంకే తరఫున వాదించింది విల్సనే. ఇది క్లయింట్ కేసు, కాకపోతే ఏడాది తిరక్కముందే పార్టీ ఆయన్ని రాజ్యసభకి ఎందుకు పంపిందో దీంట్లో కొంత కనిపిస్తుంది. మెడికల్ సీట్ల ఆల్ ఇండియా కోటాలో (రాష్ట్రాల కాలేజీలు దేశమంతటికీ వదిలే సీట్లు) ఓబీసీ రిజర్వేషన్ కేసు అలా కాదు. అక్కడా పిటిషనర్ డీఎంకేనే, వాదించింది ఈయనే, 2020 జూలై 27న మద్రాస్ హైకోర్టు తీర్పిచ్చింది, 2021 జూలైలో కేంద్రం 27 శాతం ప్రకటించింది, 2022 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కానీ ఇదే సామాజిక న్యాయం మాట ఆయన సభలోనూ జడ్జిల నియామకాల మీద గట్టిగా అడుగుతూ వచ్చారు. కోర్టులో, సభలో రెండు చోట్లా ఒకే మాట ఏళ్ళ తరబడి వినిపిస్తే అది సొంత మాటే అని నమ్మొచ్చు.

నన్నడిగితే అసలు బంగారం ప్రైవేట్ మెంబర్ బిల్లుల్లో ఉంది, ఎవరూ చూడరు పాపం. మంత్రి కాని ఏ ఎంపీ అయినా పెట్టుకోవచ్చు, శుక్రవారం మధ్యాహ్నం వీటికి టైం. ఇవి పాస్ అవ్వవు, 1952 నుంచి ఇప్పటిదాకా చట్టమైనవి 14 మాత్రమే, ఆఖరిది 1970లో. పాస్ కాదని తెలిసీ కూర్చుని రాశాడంటే ఆ విషయం మీద మనిషికి పట్టింపు ఉందని అర్థం. విల్సన్ పెట్టిన వాటిలో సుప్రీంకోర్టుకి ఢిల్లీ, కోల్‌కతా, ముంబై, చెన్నైల్లో రీజనల్ బెంచ్‌లు ఉండాలనే రాజ్యాంగ సవరణ బిల్లు ఒకటి. ఇది మనకీ సంబంధం ఉన్న విషయమే, శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో భూమి కేసు ఓడిపోయినవాడు ఢిల్లీ దాకా వెళ్ళాలంటే లాయర్ ఫీజు, రైలు ఖర్చు, బస ఎంతవుతుందో లెక్కేస్కోండి. 2009లో లా కమిషన్ తన 229వ రిపోర్టులో దక్షిణాది బెంచ్‌కి చెన్నై లేదా హైదరాబాద్ అని రాసింది కూడా. బిల్లు చదివేటప్పుడు చివర్న ఉద్దేశాలు, కారణాలు అని ఒక పేజీ ఉంటుంది, ముందు అదే చదవండి, సెక్షన్లు తర్వాత చూడొచ్చు.

ఇవన్నీ ఎక్కడంటే సంసద్ డాట్ ఇన్‌లో మెంబర్ పేరు కొడితే ప్రశ్నలు, డిబేట్లు, ప్రైవేట్ బిల్లులు విడివిడిగా వస్తాయి. పార్లమెంట్ పనిని లెక్కకట్టే పీఆర్‌ఎస్ అనే సంస్థ సైట్‌లో అటెండెన్స్‌తో సహా లెక్కలు ఒకే చోట ఉంటాయి, కానీ మంత్రులకి అక్కడ అటెండెన్స్ ఉండదు, వాళ్ళు రిజిస్టర్‌లో సంతకం పెట్టరు కాబట్టి, అది చూసి మంత్రి సభకే రాలేదని పోస్టులు పెట్టకండి. ప్రశ్నల సంఖ్య చూసి కూడా మార్కులు వేయొద్దు, ఒకే సబ్జెక్ట్ మీద రెండు మూడేళ్ళు వెంటపడి అడిగాడా లేదా అన్నది చూడండి.

ఓటు దగ్గర జాగ్రత్త. చాలా బిల్లులు మూజువాణి ఓటుతో, అంటే నోటితో అవును, కాదు అనడంతోనే పాసైపోతాయి, ఎవరు ఎటు అన్నారో పేర్లు రికార్డవ్వవు. డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టే ఓటింగ్ జరిగితేనే పేర్లు ఉంటాయి. రాజ్యాంగ సవరణకి ప్రత్యేక మెజారిటీ కావాలి కాబట్టి డివిజన్ తప్పనిసరి, మొదట వాటితో మొదలుపెట్టండి. 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకి లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు, ఆ ఇద్దరూ మజ్లిస్ వాళ్ళే, ఒవైసీ, ఇంతియాజ్ జలీల్. ఇంతవరకే చూస్తే మహిళలకి వ్యతిరేకి అని రాసేస్తారు. అదే రోజు డిబేట్ తీసి చదవండి, ఓబీసీ, ముస్లిం మహిళలకి విడిగా కోటా లేదన్నది ఆయన అభ్యంతరం. ఆ కారణం మీకు సరిపోతుందా లేదా అన్నది మీ ఇష్టం, కానీ ఓటు, కారణం రెండూ కలిపే చెప్పాలి. ఇంకా వెనక్కెళ్తే 2019 జనవరిలో ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వాళ్ళకి) పది శాతం రిజర్వేషన్ బిల్లుకి 323 మంది అవునన్నారు, 3 కాదన్నారు, ఆ ముగ్గురిలోనూ ఈయన ఉన్నారు.

ఇంకో మెలిక ఉంది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్, అంటే ఎటు ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం, దాటి ఓటేస్తే సీటే పోవచ్చు. అంటే విల్సన్ ఓటు చూసి మీకు తెలిసేది డీఎంకే స్టాండ్, ఆయనది కాదు. ఒవైసీ తన పార్టీకి తానే ప్రెసిడెంట్, విప్ ఇచ్చేదీ ఆ పార్టీయే, కాబట్టి ఆయన ఓటు నిజంగా ఆయనదే. మీ ఎంపీ విషయంలో ఓటుకి ఎంత బరువివ్వాలో ఈ ఒక్క ప్రశ్నతో తేల్చుకోవచ్చు, పెద్ద పార్టీ మామూలు ఎంపీ అయితే ఓటు పక్కనపెట్టి ప్రశ్నలు, ప్రైవేట్ బిల్లులే చూడండి.

ఆఖరిది బిల్లుల్ని పరిశీలించే పార్లమెంట్ కమిటీల రిపోర్టులు. వీటిల్లో ఒప్పుకోని మెంబర్ల అసమ్మతి నోట్ వెనక జత చేస్తారు, చదవడానికి బోరే గానీ కెమెరా లేకుండా తీరిగ్గా రాసింది కాబట్టి స్టాండ్ చాలా స్పష్టంగా ఉంటుంది. వక్ఫ్ సవరణ బిల్లు మీద జాయింట్ కమిటీలో ఒవైసీ మెంబర్, అసమ్మతి నోట్ ఇచ్చారు, 2025 ఏప్రిల్‌లో లోక్‌సభలో వ్యతిరేకించారు, అదే నెలలో సుప్రీంకోర్టులో తనే పిటిషనర్‌గా వెళ్ళారు, సెప్టెంబర్ 15న కోర్టు కొన్ని సెక్షన్లని మాత్రం ఆపుతూ మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. నోట్, స్పీచ్, పిటిషన్ మూడూ పక్కపక్కన తెరిచి కమిటీలో లేవనెత్తిన ఏ పాయింట్ కోర్టు దాకా వెళ్ళింది, ఏది మధ్యలో వదిలేశారు, కోర్టు దేన్ని పట్టించుకుంది అని టిక్కులు పెట్టుకుంటూ వెళ్ళండి, ఒక ఆదివారం సాయంత్రం సరిపోతుంది.