కాయిల్ స్టవ్ మరమ్మతు – 4వ పాఠం: మాట వినని స్విచ్

నాబ్‌ను సన్న సెగకు తిప్పినా పాలు పొంగి స్టవ్ పాలవుతున్నాయా? కిందటి పాఠంలో చెప్పినట్టు అదే కొలత ఉన్న పక్క కాయిల్‌ను తెచ్చి పెట్టి చూశారు కదా. అదీ ఎర్రగా మండిపోతుంటే దోషం కాయిల్‌ది కాదు, నాబ్ వెనక ఉండే స్విచ్‌ది. ఈ పాఠం అమెరికాలో సొంత ఇంట్లో ఉన్నవారికి. అద్దె ఇంట్లో ఉంటే యజమానికి చెప్పి ఊరుకోండి.

ఈ స్విచ్ కరెంటును తగ్గించదు, పెంచదు. ఇస్తుంది, ఆపుతుంది, అంతే. లోపల రెండు లోహాలు అతికిన చిన్న రేకు వేడెక్కి వంగితే కరెంటు ఆగుతుంది, చల్లారితే మళ్లీ వస్తుంది. వంట మధ్యలో వినిపించే 'టిక్' అదే. అలా కరెంటును కలిపి విడదీసే లోహపు మొనలు కాలి అతుక్కుపోతే ఇక ఆగడమే ఉండదు. మీటర్ పెట్టినా అది తెలియదు: పూర్తి సెగ మీద ఏ రీడింగ్ రావాలో అదే వస్తుంది. అందుకే ఇక్కడ మీటర్ కన్నా పాలగిన్నెనే ఎక్కువ నమ్ముతాను.

ముందు బ్రేకర్ ఆపండి. సాధారణంగా 40 లేదా 50 ఆంపియర్ల జంట బ్రేకర్ ఉంటుంది. నాబ్ ఆఫ్‌లో ఉన్నా స్విచ్ దాకా 240 వోల్టులు వస్తూనే ఉంటాయి. కాబట్టి స్టవ్ వెనక రేకు విప్పాక టెస్టర్‌తో చూడకుండా చేయి పెట్టవద్దు.

నాబ్‌ను ముందుకు లాగితే ఊడుతుంది. దాని కింద రెండు స్క్రూలు, వాటి మీదే స్విచ్ నిలబడి ఉంటుంది. వైర్లను మాత్రం అన్నీ ఒకేసారి పీకవద్దు. ఒక ఫోటో తీసుకుని, కొత్త స్విచ్‌ను పాతదాని పక్కన పట్టుకుని, ఒక్కొక్క వైరునే ఇటు మార్చండి. వైరు ఏ మూలన ఉందో కాదు, ఏ అక్షరం దగ్గర ఉందో చూడాలి. ఎల్1, ఎల్2 లోపలికి వచ్చే కరెంటు; హెచ్1, హెచ్2 కాయిల్‌కు వెళ్లేవి; పి సూచిక దీపానికి. కంపెనీ మారితే ఇవి చోటు మారుతాయి. మొదటిసారి నేను ఫోటోలోని స్థానాన్నే నమ్మి గంటసేపు తికమకపడ్డాను.

వైరు చివరి బిగింపు నల్లబడి వదులైతే కత్తిరించి, వేడికి తట్టుకునే కొత్తది వేయండి. లేకపోతే కొత్త స్విచ్ కూడా అక్కడే కాలుతుంది. స్విచ్ కొనేటప్పుడు మోడల్ నంబరు చూసుకోండి: 2100 వాట్ల పెద్ద కాయిల్ దాదాపు 8.75 ఆంపియర్లు లాగుతుంది, చిన్న కాయిల్ స్విచ్ దానికి సరిపోదు.

వెనక రేకు బిగించి, బ్రేకర్ వేసి, గిన్నెడు నీళ్లు మరిగించి సెగ తగ్గించండి. కాసేపటికి మరుగు తగ్గి 'టిక్' వినపడాలి. స్టవ్‌ను గోడ వైపు నెట్టేటప్పుడు, అది ముందుకు ఒరగకుండా నేలకు బిగించిన పట్టీలోకి వెనక కాలు వెళ్లిందో లేదో వంగి చూసుకోండి.

వచ్చే పాఠం: కాయిల్ కాళ్లు దిగే సాకెట్ మాడిపోతే.