ఒకరి తర్వాత ఒకరు – 4వ పాఠం: జవాబు ఆపి ఉంచడం

చాలా కంప్యూటర్లు పంచుకునే వస్తువును ఒకసారికి ఒక్కటే వాడుకునేలా చూడటానికి కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ చెప్పిన 1978 నాటి పద్ధతిని పోయిన పాఠంలో చూశాం. ఎన్ కంప్యూటర్లుంటే ఒకరు ఒకసారి పని చేసుకోవడానికి 3(ఎన్−1) సందేశాలు పట్టాయి: అడగడం, జవాబు, 'నా పని అయింది' అని చెప్పడం. 1981లో గ్లెన్ రికార్ట్, అశోక్ అగ్రవాల ఈ మూడోదాన్ని తీసేశారు. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన ఆలోచన ఇదే, కాబట్టి నెమ్మదిగా వెళ్దాం.

విశాఖలో ఒక ట్రావెల్స్‌కి మద్దిలపాలెం, గాజువాక, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మూడు కౌంటర్లున్నాయనుకోండి. అరకు బస్సులో ఒక్క సీటే మిగిలింది. సీట్ల పట్టికను ఒకసారికి ఒక్క కంప్యూటరే ముట్టుకోవాలి. పెత్తనం చేసే సర్వర్ లేదు.

కావలసినవాళ్ళు తమ లాంపోర్ట్ గడియారం (ఏది ముందో ఏది తర్వాతో చెప్పడానికి ప్రతి కంప్యూటరూ పెంచుకుంటూ పోయే లెక్క) అంకెతో మిగతా ఇద్దరినీ అడుగుతారు. చిన్న అంకె ఉన్నవాళ్ళదే ముందు వంతు. మద్దిలపాలెం అంకె 8, గాజువాకది 12. కాంప్లెక్స్‌కి ఇప్పుడు పట్టికతో పని లేదు, ఇద్దరికీ వెంటనే 'సరే' అంటుంది. గాజువాక తన 12ను 8తో పోల్చి చూసుకుని, తనూ 'సరే' అంటుంది. మద్దిలపాలెం మాత్రం గాజువాకకి ఏమీ చెప్పదు. ఆ జవాబును దగ్గరే ఉంచుకుంటుంది. రెండు 'సరే'లు చేరాయి కాబట్టి సీటు బుక్ చేసి, పట్టికను వదిలాక అప్పుడు పంపుతుంది.

ఆ ఆలస్యమైన 'సరే'లోనే 'నా పని అయింది' అన్న మాట కూడా ఉంది. అందుకే విడిగా మూడో సందేశం అక్కర్లేదు. లెక్క 2(ఎన్−1)కి దిగింది: ఇక్కడ ఒక్కొక్కరికి నాలుగు.

అంకెలు సమానమైతే? కంప్యూటర్ నంబర్ చిన్నదైనవాళ్ళు ముందు. ఈ నియమం మర్చిపోతే ఇద్దరూ జవాబు ఆపేసి ఒకరి కోసం ఒకరు కూర్చుండిపోతారు, లేదా ఇద్దరూ ఒకే సీటు అమ్మేస్తారు. కోడ్ రాసేటప్పుడు ముందుగా ఇది పరీక్షించండి.

అసలు టెన్షన్ వేరే చోట ఉంది. కాంప్లెక్స్ కంప్యూటర్ హ్యాంగ్ అయిందనుకోండి. దానికి సీటుతో సంబంధమే లేదు, అయినా దాని 'సరే' రాక మిగతా ఇద్దరూ ఆగిపోతారు. 'కాసేపు ఆగు' అన్నా మౌనమే, పనిచెయ్యకపోయినా మౌనమే; అవతలివాళ్ళకి తేడా తెలియదు. దారిలో సందేశం పోయినా ఇదే గతి.

అభ్యాసం: 8, 12 రెండూ అందుకుని 'సరే' అన్నాక కాంప్లెక్స్‌కీ సీటు కావలసి వచ్చింది. దాని అంకె 12 కన్నా ఎందుకు పెద్దదై తీరాలి? దానికి ఎవరెవరి జవాబు ఎప్పుడు అందుతుంది? మూడు నిలువు గీతలు గీసి, బాణాలతో సందేశాలన్నీ వెయ్యండి. మొత్తం పన్నెండు రావాలి.